భాగ్యకు నొప్పెందుకు తెల్వలే

ముప్పై రెండేండ్లు నర్సు కొలువు చేసిన. ఎవలన్న "ఇన్నేండ్లు ఏం చేసినవు సిస్టరమ్మా" అని అడిగితె "మందికి ఉచ్చ తీసిన" అని చెప్త. వాళ్లు నవ్వుతరు. నేను నవ్వను, ఎందుకంటె అది నిజం. చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల ఊర్లల్ల ఒంటికి, అంటె ఉచ్చ, బందై గోడలు గీక్కుంట వచ్చిన ముసలోళ్లకు ఎంతమందికి గొట్టం వేసిన్నో లెక్క లేదు. గొట్టం పడి మూత్రసంచి ఖాళీ అయితుంటె వాళ్ల మొఖంల వచ్చే కళ పెండ్లికొడుకు మొఖంల కూడ రాదు.

ఇప్పుడు నా మోకాళ్లు పోయినయ్. పొద్దంత కుర్చీలనే కూసుంట. కొత్తగ ఈ కొలువుకొచ్చే పిల్లలు అప్పుడప్పుడు వచ్చి "మేడం, మాకు ఏమన్న చెప్పుండ్రి" అంటరు. ఏం చెప్పాలె? ప్రమోషన్ల ముచ్చట, డ్యూటీ చార్టుల కొట్లాటలు నన్ను అడగకుండ్రి, వాటి పేరెత్తితేనే నాకు ఆవులింతలొస్తయ్. నాకు బాగ తెలిసింది ఒక్కటే. మూత్రపిండాల కాడ మొదలై కింద బయటపడే దాంక ఉన్న దారి, ఆ దారిని నడిపించే నరాలు. అది పరీక్షకు చదివినప్పుడు ఎక్కలే. ఒక ఆడమనిషిని ఆగం చేసినంక ఎక్కింది. అది దాచిపెట్టి మీకు ఇంకేం చెప్పినా దండగ, అందుకే అదే రాస్తున్న.

ఏడ మొదలైంది?

నా కొలువుల సగం కంటె ఎక్కువ మొయినాబాద్ రోడ్డు మీద ఒక చిన్న ప్రైవేటు దవాఖానల గడిచింది. పన్నెండు మంచాలు, ఒక ఆపరేషన్ రూం. ఇప్పుడు ఆ దవాఖాన లేదు, ఆ జాగల బైకుల షోరూం ఉన్నది. దాన్ని నడిపిన సర్జన్‌ను మేమంత పెద్దసారు అనేటోళ్లం. దూది కింద పడితె చాలు, ఇంతెత్తున లేస్తుండె. కాని పని మాత్రం ఆయన కాడ్నే నేర్చుకున్న.

అది ఐటీ కంపెనీల పుణ్యమా అని మా రోడ్డు పొంటి భూములకు రెక్కలొచ్చిన కాలం. జన్వాడ దిక్కు జొన్నచేన్లు పోయి ఫాంహౌసులు లేస్తుండె. ఒకరోజు భూముల బ్రోకరొకాయన మెడల లావు గొలుసు, చెవికి ఫోను, రెండో చెయ్యి పాయింటు ముందర పెట్టుకొని వంకర్లు తిరుక్కుంట వచ్చిండు.

"అక్కా, కింద పట్టుకున్నది. జర చూపియ్యి. కాని బయట మావోళ్లున్నరు, ఎవలకు చెప్పకు."

డ్యూటీ డాక్టరు కొత్త పిలగాడు. పాయింటు విప్పిచ్చి కిందికెల్లి మీదికెల్లి చూసిండు. వాపు లేదు, దెబ్బ లేదు. నా దిక్కు చూసిండు, నేను ఆయన దిక్కు చూసిన. బ్రోకరేమో నొప్పిల కూడ ఫోనుల "అన్నా, పార్టీని కూసోబెట్టు, వస్తున్న" అనుకుంట ఏడుస్తుండు. అప్పుడు పెద్దసారు వచ్చి, ఆ జాగను చూడనే లేదు. ఒక్కటే అడిగిండు.

"ఏడ మొదలైంది?"

"వెనుక సార్. గీ పక్కటెముకల కింద."

సారు పిడికిలితోని ఆడ మెల్లగ తట్టిండు. మనిషి మంచం మీదికెల్లి ఎగిరిండు. "రాయి. పాయింటు తొడుగు" అని సారు చెయ్యి కడుక్కున్నడు.

ఆ పగలు చాయ్ తాగుకుంట మాకు చెప్పిండు. మూత్రపిండాలు వీపు దిక్కు, ఆఖరి పక్కటెముకల చాటున ఉంటయ్. కుడిదాని మీద కార్జం, అదే లివర్, కూసుంటది కాబట్టి అది ఎడమదాని కంటె జర కిందికుంటది. ఒక్కోదాని నుంచి జానెడుకు కొంచెం ఎక్కువ పొడుగున్న సన్న గొట్టం మూత్రసంచిలకు దిగుతది. ఆ గొట్టం మూడు జాగల ఇరుకు. మూత్రపిండం నుంచి బయటపడే కాడ, కటి ఎముక అంచు దాటే కాడ, సంచిల దూరే కాడ. రాయి తట్టుకుంటె ఎక్కువ ఆ మూడింట్లనే ఎక్కడో ఒక కాడ తట్టుకుంటది. ఇగ నొప్పి ముచ్చట. ఆ గొట్టం నరాలు వెన్నుల ఏ జాగల చేర్తయో, గజ్జల నరాలు, తొడ లోపటి దిక్కు నరాలు, మగోళ్ల వృషణాల నరాలు కూడ ఆ చుట్టుపక్కలనే చేర్తయ్. అందుకే రాయి పైన ఉంటె మనిషి కింద పట్టుకొని ఏడుస్తడు. మెదడుకు తేడా తెల్వదు. "నొప్పి యాడున్నదని అడుగుడు కాదు, యాడికెల్లి యాడికి పోయిందో అడుగు" అన్నడు సారు.

నొప్పి అబద్ధం చెప్తదని ఆనాడు నేర్చుకున్న. పాఠమంత వచ్చేసిందనుకున్న. సగమే వచ్చింది.

నీళ్లు తాగని ఆడోళ్లు

ఆ రోజులల్ల మా పక్కనున్న ఊరు హిమాయత్‌నగర్ నుంచి, చుట్టుపక్క ఊర్ల నుంచి ఆడోళ్లు పొద్దుగాల్నే షేర్ ఆటోలల్ల ఇరికిరికి కూసొని గచ్చిబౌలి దిక్కు పోతుండె. అద్దాల బిల్డింగులల్ల ఊడ్సుడు, తుడ్సుడు, చాయ్ కప్పులు కడుగుడు. పొలం కూలి కంటె నీడ పట్టున పని అని సంబురపడి పోయేటోళ్లు. వాళ్ల తీరు మాకు బాగ ఎరుక. ఇంట్లకెల్లి ఎల్లేటప్పుడు అర గ్లాసు చాయ్, మల్ల ఇంటికొచ్చే దాంక చుక్క నీళ్లు ముట్టరు. తాగితె ఒంటికి వస్తది. ఆటోల ఎవలు ఆపుతరు? బిల్డింగుల బాత్రూంలు కడిగేది వీళ్లే, కాని వీళ్లు వాడితె సూపర్‌వైజర్ మొఖం ముడుసుకుంటడు. అందుకే ఆపుకునుడు అలవాటైంది.

ఇగ మా దవాఖానకు మంట అని, చలిజ్వరం అని, రాళ్లని వరుసబెట్టి వచ్చేటోళ్లు. మా నోటికి కూడ ఒక్కటే మాట అలవాటైంది. "నీళ్లు తాగు, ఆపుకోకు." మనిషి మొఖం చూడకముందే ఆ మాట వస్తుండె. నిజం చెప్తున్న, అప్పటికే నేను అలిసిపోయి ఉన్న. అలిసిన మనిషికి వచ్చినోళ్లందరు ఒక్క తీరే కనబడ్తరు.

మెత్తని చెయ్యి

భాగ్య గట్లనే ఒక పొద్దుగాల వచ్చింది. హిమాయత్‌నగర్ కోడలు. ముప్పై ఏండ్లుంటయ్, ఇద్దరు పిల్లలు. పెనిమిటి కంపెనీ కారు నడిపేటోడు. అద్దాల బిల్డింగుల పనికి పోతది. ఎంబడి అత్త బాలమ్మ వచ్చింది, కోడలి రెక్క పట్టుకొని మెల్లగ నడిపిచ్చుకుంట.

"అక్కా, నిన్న పగటిపూట నుంచి ఒంటికి వస్తలేదు" అన్నది భాగ్య.

"నొప్పున్నదా?"

"కింద నొప్పేం లేదు, బరువున్నది. నడుమే నొస్తుంది, నాలుగు రోజులాయె. నీళ్ల క్యాను మిషిన్ మీదికి ఎత్తంగ కలుక్కుమన్నది."

కడుపు పట్టి చూసిన. సంచి బొడ్డు దాంక ఉబ్బి ఉన్నది. గంత సంచి నిండితె మనిషి నిలబడది, కూసోది, ఒర్రుతది. ఈమె నాతోని ముచ్చట పెడ్తున్నది. అప్పుడే నాకు బుద్ధి ఉంటె అనుమానం రావాలె. రాలే.

పెద్దసారు ఆపరేషన్ రూంల ఉన్నడు. తలుపు సందుల నుంచి "ఏం కేసు?" అని అడిగిండు.

"ఆపుకున్న కేసు సార్. నీళ్లు తాగని బాపతు."

"గొట్టం వెయ్యి. మందు రాస్త."

అంతే. ఆమె నడుము నొప్పి, నీళ్ల క్యాను ముచ్చట నేను సారుకు చెప్పనే లేదు. నడుము నొప్పి ఎవలకు లేదు, నాకు లేదా అనుకున్న. ఇన్నేండ్ల నర్సు మాట కాబట్టి సారు నమ్మిండు.

గొట్టం వేసిన. లీటరు దాటింది. గ్లౌజులు తీస్తుంటె భాగ్య తల ఎత్తి, "అయిపోయిందా అక్కా? ఎక్కిందే తెల్వలే! నీ చెయ్యి ఎంత మెత్తన!" అన్నది. బాలమ్మ "దేవుడిచ్చిన చెయ్యి" అని నాకు దండం పెట్టింది.

నేను ఉబ్బితబ్బిబ్బైన. ఆ రోజంత ఆయమ్మకు, కాంపౌండర్‌కు చెప్పుకుంట తిరిగిన. మందు చీటీ ఇచ్చి, గొట్టం గట్లనే ఉంచి దానికి సంచి తగిలిచ్చి, "నీళ్లు తాగు, ఆపుకోకు" అని భాగ్యను ఇంటికి తోలిచ్చిన.

మూడో రోజు

మూడో రోజు గొట్టం తీయనీకి రమ్మన్న. వచ్చింది. చీర సదురుకొని పక్కకు ఒరిగింది. చూస్తె పిర్రల మీద రెండు దిక్కుల అరచేతంత బొబ్బలు. ఒకటి పలిగి చర్మం వేలాడుతున్నది.

"ఇదేందవ్వా?"

బాలమ్మ ముందుకొచ్చింది. "నడుము నొప్పి తగ్గుతలేదని ఇటుక కాపడం పెట్టిన. ఇటుకను పొయ్యిల కాల్చి, గుడ్డల సుట్టి..."

నా నోరు లేచింది. వార్డంత వింటున్నదన్న సోయి కూడ లేదు. "నీకు మతి ఉన్నదా అవ్వా? కోడలా, గొడ్డా అది? మనిషిని వండి పెట్టినవు గదనే! రేపు దీనికి ఏమన్న అయితె ఆ పాపం నీ ఇటుకదే, రాసిపెట్టుకో!" అని ఒర్రిన.

ముసల్ది కొంగు నోట్ల కుక్కుకున్నది. "చేత్తోని చూసుకున్న సిస్టరమ్మా. మా అత్త నాకు గిట్లనే పెట్టేది. కాల్తుందా బిడ్డా అని అడిగిన. కాల్తలేదు, ఇంకింత పెట్టు అన్నది."

"అవునక్కా, నాకేం కాల్లే" అన్నది భాగ్య.

నా చెయ్యి ఆగిపోయింది. గంత బొబ్బ లేస్తె ఎవలకు కాలకుంట ఉంటది? దూది తీసుకొని బొబ్బ పక్కన ముట్టిచ్చిన.

"తెలుస్తుందా?"

"ఏం?"

సూది తీసుకొని గుచ్చిన. రక్తం చుక్క లేచింది. "గుచ్చుతవా అక్కా?" అని అడిగింది. అప్పటికే గుచ్చినని ఆమెకు తెల్వదు. కూసుంటె నేలకు ఆనే జాగంత, తొడల వెనుక దిక్కు, ముందల గొట్టం పెట్టిన కాడ, అంత మొద్దే. మూడు రోజుల కింద ఆమె మెచ్చుకున్న మాట యాదికొచ్చింది. నా చెయ్యి మెత్తన కాదు, ఆమె నరాలే పోయినయ్.

పెద్దసారు వచ్చి కాళ్లు ఎత్తిచ్చి చూసిండు, మడిమెల మీద సుత్తితోని కొట్టి చూసిండు. "నడుము ఎప్పటి నుంచి నొస్తుందమ్మా?" అంటె భాగ్య క్యాను ముచ్చటంత చెప్పింది. సారు నా దిక్కు తిరిగిండు.

"మొన్న చెప్పలే నాకు."

"చెప్పలే సార్."

దూది పడితె ఒర్రే మనిషి ఆనాడు ఏమనలే. చీటీ రాసి, అంబులెన్స్ పిలిచి, పట్నం తోలిచ్చిండు. తిడితె నాకు జర మంచిగుంటుండె.

కింది మూడు నరాలు

పిల్లలూ, ఇది మాత్రం మతిల పెట్టుకోండ్రి. వెన్నుపాము నడుము మీది భాగంలనే అయిపోతది. దాని కింద వెన్నులోపట వట్టి నరాల పోగులే వేలాడుతుంటయ్. ఎముకల నడుమ మెత్తలున్నయ్ గద, డిస్కులంటరు, బరువెత్తంగ ఒక మెత్త వెనుకకు తోసుకొచ్చి ఆ పోగులను ఒత్తుతది. అందుల అడుగునున్న పోగులల్ల మూడు, తోకెముక మీదున్న పెద్ద ఎముక రంధ్రాలల్లకెల్లి బయటికొస్తయ్. మూత్రసంచి నిండిందని చెప్పేది అవే. సంచిని పిండేది అవే. మనం బిగబట్టి ఆపుకునే కండకు పోయేది అవే. దొడ్డికి పోవుడు కూడ వాటి చేతులనే ఉన్నది. మనం కూసునే కాడి తోలుకు సోయి తెచ్చేది కూడ ఎక్కువ అవే.

నడుము పై భాగం నుంచి వేరే నరాలొస్తయ్. అవి సంచికి "ఆగు, ఇంక నిండు" అని చెప్తయ్. కిందివి "ఇగ వదులు" అని చెప్తయ్. కిందివి పోతె వదులు అని చెప్పేటోళ్లు లేరు, నిండిందని చెప్పేటోళ్లు లేరు. సంచి చెర్వైనా మనిషి మంచిగనే ముచ్చట పెడ్తది.

ఇది గంటల పని, రోజుల పని కాదు. అందుకే నడుము నొప్పి ఉండి ఒంటికి బందైన మనిషి వస్తె సిగ్గుపడకుండ అడుగుండ్రి. తుడుసుకునేటప్పుడు తెలుస్తుందా, కూసున్న కాడ మొద్దుబారిందా, దొడ్డికి వచ్చేది తెలుస్తుందా అని అడుగుండ్రి. ఆడోళ్లు వాళ్లంతట వాళ్లు చెప్పరు. అడిగి ఊకోకుండ్రి, దూది ముట్టిచ్చి చూడుండ్రి. గొట్టం వేసేటప్పుడు మనిషి ఉలిక్కిపడకపోతె అది మీ గొప్పతనం అనుకోకుండ్రి.

గొట్టాల డబ్బా

పట్నంల ఆపరేషన్ చేసిన్రు. కాళ్లు నిలిచినయ్, నడిచింది. మూత్రసంచి మాత్రం తిరిగి రాలే. దినానికి నాలుగైదు సార్లు తనే సన్న గొట్టం పెట్టుకొని తీసుకోవాలె, బతికున్నంత కాలం. పట్నంల ఒక్కసారి చూపెట్టి పంపిన్రంట. మిగిలింది నేను నేర్పిన. అద్దం పెట్టుకొని ఎట్ల చూసుకోవాలె, చెయ్యి ఎట్ల కడుక్కోవాలె, గొట్టం ఎంత దాంక పోవాలె అని ఇరవై రోజులు నేర్పిన. మొదట్ల ఏడ్చేది. "నేను సచ్చిపోతె అయిపోతుండె అక్కా" అనేది. మెల్లమెల్లగ చెయ్యి తిరిగింది.

ఏడాది లోపట్నే మల్ల అదే బిల్డింగుల పనికెక్కింది, సద్దిడబ్బా ఎంబడి గొట్టాల డబ్బా పెట్టుకొని. "బాత్రూంల ఇంత సేపేందని సూపర్‌వైజర్ అన్నడక్కా. గొట్టం తీసి టేబుల్ మీద పెట్టిన. ఇగ నోరు మూసిండు" అని నవ్వింది. ఆ నవ్వు చూసి ఇగ అంత మంచిగనే అయ్యిందనుకున్న.

పెద్దసారు ఒక్కసారి అడిగిండు. "మూడు రోజులు మనమే పోగొట్టినమని ఆమెకు చెప్పినవా? నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

"నేనే చెప్త సార్."

చెప్పలే. రేపు, మాపు అనుకున్న. సారు దవాఖాన బంద్ చేసి కొడుకు కాడికి పోయిండు. నేను వేరే దవాఖానల చేరిన. భాగ్య గొట్టాల కోసం వచ్చేది. బాలమ్మ ఎన్నడు లోపటికి రాకపోయేది, గేటు కాడ్నే కూసునేది, కొన్నాళ్లకు అది కూడ మానేసింది. నేను నలుగుర్ల తిట్టిన గదా, నా మీద కోపమేమో అనుకున్న. చెప్పకపోనీకి అదొక సాకు దొరికింది. గట్లనే పన్నెండేండ్లు పోయినయ్.

పోయిన నెల

పోయిన నెల భాగ్య నన్ను చూడనీకి ఇంటికొచ్చింది. తలల తెల్ల వెంట్రుకలు వచ్చినయ్. ఇద్దరు పిల్లలు కొలువులల్ల ఉన్నరంట. చాయ్ పెట్టిచ్చిన. ఇగ ఎన్నాళ్లు దాచాలె అనిపించి, అంత చెప్పేసిన. ఆమె చెప్పిన నడుము నొప్పి నేను సారుకు చెప్పకపోవుడు, ఆమె మెచ్చుకుంటె నేను మురిసిపోవుడు, మూడు రోజులు ఖరాబు చేసుడు.

భాగ్య అంత విన్నది. కప్పు కింద పెట్టింది.

"అంటె ఇటుకతోని కాదా?"

"ఏంది?"

"నా నరాలు. మా అత్త ఇటుకతోని కాలి పోలేదా?"

"కాదు బిడ్డా. ఇటుక పెట్టక ముందే పోయినయ్. పోయినయ్ కాబట్టే కాలింది తెల్వలే. ఆ బొబ్బలు చూసినంకనే మాకు రోగం దొరికింది. ఇంకో రెండు రోజులు పోతె నీ కాళ్లు కూడ పోతుండె."

అప్పుడు భాగ్య చెప్పింది.

"నీ ఇటుకదే పాపం అని నువ్వు వార్డుల అన్నవు గదక్కా. మా ఆయన గదే పట్టుకున్నడు. వాళ్ల అమ్మతోని మాట బంద్ చేసిండు. వెనుక రేకుల రూంల ఉంచిన్రు. నేను ఆమె చేతి నీళ్లు తాగలే. పోయిన దసరాకు మా అత్తకు నోరు పడిపోయింది, గట్లనే సచ్చింది. దానికి ముందొకనాడు నా చెయ్యి పట్టుకొని, 'నా ఇటుకనే నిన్ను ముంచింది బిడ్డా, మాఫ్ చెయ్' అన్నది. నేను చెయ్యి గుంజుకున్న."

"నన్ను తిట్టు భాగ్యా" అన్న. ఏడుపొచ్చింది నాకు.

"తిడితె మా అత్త వింటదా? లే, చెప్పులు తొడుక్కో. మా ఆయనకు నువ్వే చెప్పాలె."

మోకాళ్లు నొస్తున్నయని అననీకి నోరు రాలే. ఇద్దరం షేర్ ఆటో ఎక్కినం. హిమాయత్‌నగర్ కాడ దిగినం. ఆమె పెనిమిటి వాకిట్ల కారు కడుగుతుండు. పైపు పట్టుకొని నిలబడే విన్నడు. నేను మొదటి నుంచి చివరి దాంక చెప్పిన. నీళ్లు ఆయన కాళ్ల మీదనే పోతున్నయ్, బంద్ చేయలే. అంత అయినంక రేకుల రూం దిక్కు చూసిండు.

"పోయిన దసరాకు ముందు చెప్పినా సరిపోతుండె సిస్టరమ్మా" అన్నడు. "అప్పటికి మా అమ్మకు నోట మాట ఉండె."